ఉడత నిలబడిన చోటు



ఈ నెల మన శీర్షికలో ఒక ఆటను గురించి మాట్లాడుకుందాం. "ఇంటిల్లిపాదీ చదివే పేజీలో వీడియో గేముల సంగతి ఎందుకు?" అని పెద్దవారు కొందరు ముఖం చిట్లించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. పిల్లలు తెర ముందు కూర్చొని గంటల తరబడి ఏమి చూస్తున్నారో, దేనికోసం బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారో మనకు తెలియకుండా "ఇక ఆపు" అని కేకలు వేస్తే ఆ కేక చెవి దాటి లోపలికి పోదు. తెలుసుకొని చెప్పిన మాటకు వారు ఒకసారైనా తలెత్తి చూస్తారు. పైగా ఈ ఆటలో 2014వ సంవత్సరంలో జరిగిన ఒక సంగతి కాడికి ఎద్దులను జత కట్టే రైతుకూ, నలుగురు బిడ్డలను పెంచే తల్లికీ కూడా ఆలోచించదగినది. దానిని మొదటినుండి చెప్తాను.

ఆట ఏమిటి?

పోకెమాన్ అనే పేరు మీరు వినే ఉంటారు. పికాచు అనే పసుపు పచ్చని బొమ్మను పిల్లల సంచుల మీద, చొక్కాల మీద చూసే ఉంటారు. ఈ ఆట 1996లో జపానులో పుట్టింది. దీనిని రూపొందించిన సతోషి తజిరి చిన్నతనంలో పొలాల గట్ల వెంట, చెరువుల వెంట తిరిగి పురుగులను పట్టి దాచుకొనేవాడు. ఆ ముచ్చటే పెద్దయ్యాక ఆటగా మారింది. ఆటగాడు రకరకాల ఊహా జీవులను పట్టుకొని, పెంచి, వాటికి విద్యలు నేర్పి, ఎదుటివారి జీవులతో పోటీకి దింపుతాడు. మొదట 151 జీవులతో ఆరంభమైన ఆటలో ఇప్పుడు వెయ్యికి పైగా జీవులున్నవి.

చిన్నపిల్లలు దీనిని కథగా ఆడుకుంటారు. అయితే ఇదే ఆటలో పెద్ద పోటీలు కూడా ఉన్నవి. ఏటా ప్రపంచ స్థాయి పోటీ జరుగుతుంది. దేశదేశాలనుండి ఆటగాళ్లు వస్తారు. 2014లో అమలులో ఉన్న నియమాలు చెప్తాను, ముందు ముందు ఉపయోగపడతాయి. ఒక్కొక్కరు ఆరు జీవులతో జట్టు కట్టుకోవాలి. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ ఒకరి ఆరుగురిని మరొకరు చూస్తారు. అప్పుడు ఆరింటిలో నాలుగింటిని ఎంచుకోవాలి. బరిలో ఒక్కొక్క వైపు ఒకేసారి రెండేసి జీవులు నిలబడతాయి. అన్నిటి స్థాయి 50గా లెక్కిస్తారు గనుక "నాది బాగా ముదిరినది, నీది లేతది" అన్న వాదనకు చోటు లేదు. ఆ ఏడాది ఆటలోని జీవులన్నిటినీ అనుమతించలేదు. సుమారు 450 రకాలు మాత్రమే వాడవచ్చును.

450 రకాలున్నవి గదా, ఎన్ని కనబడేవి? పెద్ద పోటీలలో ఎవరి జట్టు చూసినా ఇంచుమించు అవే ముఖాలు. కంగాస్కాన్, గార్చోంప్, టాలన్‌ఫ్లేమ్, రోటమ్ వంటివే తిరిగి తిరిగి వచ్చేవి. గెలుపు కావలసినవాడు బలమైనవాటినే తెచ్చుకుంటాడు, దానిలో తప్పేమీ లేదు. మిగిలిన వందలాది జీవులను పిల్లలు ఇష్టపడవచ్చు గాని, పోటీకి తీసుకొనిపోరు.

పట్టికలో ఎక్కడో అడుగున

అలా మిగిలిపోయిన వాటిలో ఒకటి పచిరిసు. 2006లో వచ్చిన ఆటలో ఇది మొదట కనబడింది. తెల్లని ఒళ్లు, తల మీదినుండి తోక దాకా నీలి చార, బుగ్గల మీద పసుపు మచ్చలు. చూడటానికి మన పెరటి చెట్టు మీద తిరిగే ఉడతలాగే ఉంటుంది. ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు 3.9 కిలోలు. దీనిది విద్యుత్తు జాతి.

ఆటలో ప్రతి జీవికి ఆరు సహజ బలాలుంటాయి. ప్రాణశక్తి, దేహబలంతో చేసే దాడి, ఆ దాడినుండి రక్షణ, దూరంనుండి చేసే ప్రత్యేక దాడి, దానినుండి రక్షణ, వేగం. పచిరిసుకు ఇవి వరుసగా 60, 45, 70, 45, 90, 95. మొత్తం 405. గార్చోంప్ అనే మృగానికి 108, 130, 95, 80, 85, 102. మొత్తం 600. అది 1.9 మీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరిని తీసుకుంటావని అడిగితే ఏ పిల్లవాడైనా గార్చోంప్ మీదే వేలు పెడతాడు.

మరొక సంగతి. మామూలుగా దొరికే పచిరిసుకు పుట్టుకతో ఉండే గుణం పేరు "రన్ అవే", అనగా పారిపోవడం. లేకపోతే "పికప్", అనగా దారిలో దొరికినవి ఏరుకోవడం. యుద్ధానికి పోయేవాడు ఇటువంటివానిని వెంటబెట్టుకొని పోతాడా?

ఆగస్టు నెలలో ఏమి జరిగింది?

2014 ఆగస్టులో ప్రపంచ పోటీ అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగింది. పెద్దల విభాగంలో చివరి ఆట దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్‌కూ, అమెరికాకు చెందిన జూడీ అజ్జరెల్లికీ మధ్య. పార్క్ జట్టులోని ఆరు జీవులు ఇవి: గ్యారడోస్, గార్చోంప్, టాలన్‌ఫ్లేమ్, గోథిటెల్, గార్డెవోయిర్, పచిరిసు. మొదటి అయిదు పేర్లు చూసి ఎవరూ ఆశ్చర్యపడలేదు. ఆరవ పేరు చూసి అందరూ ఆశ్చర్యపడ్డారు. ఆ తెల్లని ఉడత రాక్షస మృగాల ఎదుట నిలబడి దెబ్బ తిని కూడా పడిపోకుండా ఉన్నప్పుడల్లా చూడవచ్చినవారు కేకలు వేసి చప్పట్లు కొట్టారు. పార్క్ గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు.

"అదృష్టం" అని కొందరంటారు. "దానిమీది ప్రేమే దానిని గెలిపించింది" అని మరి కొందరంటారు. రెండూ కాదు. ఇందులో పెద్ద లెక్క ఉన్నది. ఆ లెక్క మీ ముందు పెట్టడానికే ఈ నెల ఇంత స్థలం తీసుకుంటున్నాను.

ముందు జట్టులోని లోటు

పార్క్ జట్టులో ప్రధాన బలం గ్యారడోస్. ఆరున్నర మీటర్ల పొడవు, 235 కిలోల బరువు గల నీటి సర్పం. ఒక్క వరుస ఖాళీగా దొరికితే చాలు, తన బలాన్నీ వేగాన్నీ పెంచుకొనే విద్య దానికున్నది. పెంచుకున్న తరువాత ఆపడం కష్టం. అయితే దానికి ఒక పెద్ద భయమున్నది. అది నీటి జాతి, గాలి జాతి రెండూ కలిసినది. విద్యుత్తు దాడి నీటి జాతికి రెండింతలు తగులుతుంది, గాలి జాతికి రెండింతలు తగులుతుంది. రెండూ కలిసిన గ్యారడోస్‌కు నాలుగింతలు తగులుతుంది. లెక్క వేసి చూడండి. ప్రాణశక్తి మీద ప్రత్యేక శిక్షణ పెట్టని గ్యారడోస్‌కు స్థాయి 50 వద్ద ప్రాణం 170. ప్రత్యేక దాడి మీద పూర్తి శిక్షణ పొందిన రోటమ్ దానిమీద పిడుగు వేస్తే దెబ్బ 290 దాటిపోతుంది. అంటే ఒక్క పిడుగుతో కథ ముగిసినట్టే. టాలన్‌ఫ్లేమ్ అనే పక్షికి కూడా విద్యుత్తు రెండింతలు తగులుతుంది.

ఇప్పుడు పార్క్ ముందున్న ప్రశ్న చూడండి. "ఇంకా బలమైన జీవి ఏది?" అని వెదికితే మరొక గార్చోంప్ వంటిది దొరికేది. కాని పిడుగు భయం అలాగే మిగిలిపోయేది. అతని జట్టుకు కావలసినది పిడుగు పడేటప్పుడు గ్యారడోస్ పక్కన నిలబడి దానిని తనమీదికి తీసుకోగలవాడు. మన ఊళ్లలో ఎత్తైన చర్చి శిఖరం మీద ఇనుప కడ్డీ నిలబెట్టి, దానినుండి తీగను నేలలోనికి దింపుతారు గదా! ఆ కడ్డీ గోడ మోయదు, కప్పు మోయదు. అయితే పిడుగు పడిన రాత్రి భవనాన్ని నిలిపేది అదే. పార్క్‌కు కావలసినది అటువంటిది.

ఉడత చేతిలో ఉన్న నాలుగు విద్యలు

ఆటలో ప్రతి జీవి నాలుగు విద్యలు మాత్రమే వెంట తీసుకొనిపోవచ్చు. పార్క్ పచిరిసు తీసుకొనిపోయినవి ఇవి.

మొదటిది "ఫాలో మి". నన్ను చూడు అని ఎదుటివారిని పిలవడం వంటిది. ఆ వరుసలో ఎదుటి జట్టు పక్కవానిమీద గురిపెట్టిన దాడులు తిరిగి దీనిమీదికి వస్తాయి. గ్యారడోస్ వైపు వచ్చే పిడుగు ఉడత వైపు మళ్లుతుంది. ఆ లోపల గ్యారడోస్ తన బలం పెంచుకుంటుంది.

రెండవది "నజిల్". బుగ్గతో రాసి విద్యుత్తు పుట్టించడం. దెబ్బ చాలా స్వల్పం, దీని శక్తి 20 మాత్రమే. అయితే తగిలితే చాలు, ఎదుటి జీవికి తప్పనిసరిగా పక్షవాతం వస్తుంది. ఆ కాలపు ఆటలో పక్షవాతం వచ్చిన జీవి వేగం నాలుగవ వంతుకు పడిపోయేది. పైగా నాలుగు సార్లలో ఒకసారి కదలలేక వరుస పోగొట్టుకొనేది.

మూడవది "సూపర్ ఫ్యాంగ్", అనగా పంటి కాటు. ఎదుటి జీవికి ఆ క్షణంలో ఎంత ప్రాణం ఉంటే అందులో సగం తీసేస్తుంది. ఇది ఎంతో ముఖ్యమైనది. మామూలు దాడి దెబ్బ కొట్టేవాని బలాన్నిబట్టి ఉంటుంది. ఉడత బలం 45 గనుక అది కొడితే ఎవరికీ నొప్పి పుట్టదు. కాని ఈ కాటుకు కొట్టేవాని బలంతో పనిలేదు. ప్రాణశక్తి మీద పూర్తి శిక్షణ పెట్టిన కంగాస్కాన్‌కు ప్రాణం 212 ఉంటుంది. ఉడత కరిస్తే 106 పోతుంది. మళ్లీ కరిస్తే మరో 53 పోతుంది. ఎదుటివాడు ఎంత పెద్దవాడైతే ఈ కాటు అంత పెద్దదవుతుంది.

నాలుగవది "ప్రొటెక్ట్". ఒక వరుస తనను తాను కాచుకోవడం. ఇది ఇంచుమించు అందరి దగ్గరా ఉండేదే.

ఈ నాలుగింటికి పైన ఒక గుణం. పచిరిసులలో అరుదుగా "వోల్ట్ అబ్జార్బ్" అనే గుణం గలవి ఉంటాయి. వాటిమీద విద్యుత్తు దాడి పడితే దెబ్బ తగలదు సరిగదా, వాటి ప్రాణశక్తిలో నాలుగవ వంతు తిరిగి వస్తుంది. పారిపోయే గుణం, ఏరుకొనే గుణం గలవాటిని వదలి దీనిని వెదికి తెచ్చుకోవాలి. గ్యారడోస్‌ను చంపగల పిడుగు ఈ ఉడతకు భోజనం! ఎదుటివాడు దీనిని ఒకసారి చూశాడంటే పిడుగు వేయడానికే వెనకాడతాడు. ఆ వెనకాడిన ఒక్క వరుస చాలు గ్యారడోస్‌కు.

ఈ పని చేయగల వేరే జీవులు లేవా అంటే, ఉన్నవి. టోగెకిస్ కూడా "ఫాలో మి" చేయగలదు. అయితే అది కూడా గాలి జాతే గనుక పిడుగుకు అదే ముందు పడుతుంది. అమూంగస్ అనే పుట్టగొడుగు పొడి చల్లి దాడులను తనమీదికి తిప్పుకుంటుంది. కాని ఆ పొడి గడ్డి జాతి జీవులమీద పనిచేయదు. పైగా నిప్పు జాతి, గాలి జాతి దాడులు దానికి రెండింతలు తగులుతాయి. టాలన్‌ఫ్లేమ్ అందరి దగ్గరా ఉన్న సంవత్సరంలో అది పెద్ద లోటు. విడిగా చూస్తే ఆ రెండూ ఉడతకన్న బలమైనవే. ఈ జట్టులో ఈ పక్కన నిలబడే పనికి మాత్రం ఉడతే తగినది.

శిక్షణ ఎక్కడ పెట్టాలి?

ఇక పెంపకం సంగతి. ఆటలో ప్రతి జీవికి 510 శిక్షణ పాయింట్లు ఇవ్వవచ్చు. ఏ ఒక్క బలానికైనా 252కు మించి ఇవ్వడానికి లేదు. చాలామంది పిల్లలు తమ ఇష్టమైన బలహీన జీవిని తీసుకొని "దీనికి బలం లేదు గదా, బలం పెంచుదాం" అని దాడికీ వేగానికీ పాయింట్లన్నీ పోస్తారు. ఫలితమేమిటి? 45 బలం ఉన్న ఉడత కాస్త మెరుగైన బలహీన ఉడత అవుతుంది. గార్చోంప్ చేసే పనిలో గార్చోంప్‌తో పోటీ పడి ఓడిపోతుంది.

పార్క్ అలా చేయలేదు. దాడిని పూర్తిగా వదిలేశాడు. ప్రాణశక్తికి 252, దేహరక్షణకు 252 ఇచ్చాడు. మిగిలిన కొద్దిని ప్రత్యేక దాడులనుండి రక్షణకు ఇచ్చాడు. ప్రత్యేక దాడి బలాన్ని తగ్గించుకొని దేహరక్షణను పెంచుకొనే స్వభావం గలదానిని ఎంచుకున్నాడు. అది ఎటూ వాడని బలమే గనుక తగ్గితే నష్టమేమీ లేదు.

అంకెలలో చూడండి. శిక్షణ లేని ఉడతకు స్థాయి 50 వద్ద ప్రాణం 135, దేహరక్షణ 90. ఈ శిక్షణ తరువాత ప్రాణం 167, దేహరక్షణ 134. ఈ రెంటినీ గుణించి ఓర్పును కొలిస్తే దేహదాడులను ఓర్చుకొనే శక్తి ఒకటీ ముప్పాతిక రెట్లు దాటింది. ప్రత్యేక దాడులనుండి రక్షణ సహజంగానే మంచిది, అది 111.

ఇప్పుడు గార్చోంప్ తన పూర్తి బలంతో గోళ్లతో చీల్చితే దెబ్బ 61 నుండి 73 వరకు పడుతుంది. రెండుసార్లు చీల్చినా ఉడత పడదు. సలమెన్స్ వంటి డ్రాగన్ ఆకాశంనుండి ఉల్కలు కురిపించే భయంకరమైన దాడి ఒకటి ఉన్నది. సలమెన్స్ ప్రత్యేక దాడి మీద పూర్తి శిక్షణ పొంది దానిని వేసినా ఉడతకు పడే దెబ్బ 108 నుండి 127 వరకు. 167లోనుండి తీసివేస్తే కనీసం 40 మిగులుతుంది. అప్పుడు ఉడత చేతిలో ఉన్న "సిట్రస్ బెర్రీ" అనే పండు పనిచేస్తుంది. ప్రాణం సగానికి పడితే ఆ పండు తిని నాలుగవ వంతు, అంటే 41, తిరిగి పొందుతుంది. ఉల్కలు వేసిన డ్రాగన్‌కో, ఆ దాడివల్లనే ప్రత్యేక దాడి బలం సగానికి పడిపోతుంది. తన గొప్ప దెబ్బను ఉడతమీద ఖర్చు చేసి, తాను సగమై, ఉడత ఇంకా నిలబడి ఉండగా, పక్కన గ్యారడోస్ బలం పెంచుకొని ఎదురు చూస్తూ ఉంటుంది. వాషింగ్టన్‌లో చూపరులు ఎందుకు చప్పట్లు కొట్టారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఉడత చేయలేనివి

ఇంతవరకు చదివి "అయితే బలహీనమైనది ఏదైనా ఇలా గెలుస్తుందన్నమాట" అని అనుకోకండి. దాని లోట్లు కూడా ఉన్నదున్నట్లు చెప్పాలి.

ఇద్దరినీ ఒకేసారి కొట్టే దాడులుంటాయి. రాళ్లు దొర్లించడం, భూకంపం, వేడి గాలి వంటివి. వాటిని "ఫాలో మి" మళ్లించలేదు. భూకంపం విద్యుత్తు జాతికి రెండింతలు తగులుతుంది. నేల జాతి జీవులమీద నజిల్ పనిచేయదు. విద్యుత్తు జాతి జీవులకు పక్షవాతం రాదు. సూపర్ ఫ్యాంగ్ దెయ్యాల జాతిమీద పనిచేయదు. మిగిలినవారిమీద కూడా పదిసార్లలో ఒకసారి గురి తప్పవచ్చు. అన్నిటికన్న పెద్ద లోటు ఇది: ఉడత ఒంటరిగా ఎవరినీ పడగొట్టలేదు. సగం, సగంలో సగం తీస్తుంది. చివరి దెబ్బ పక్కవాడు కొట్టాలి. పక్కవాడు పడిపోయి ఉడత ఒక్కటే మిగిలిందా, దాదాపు ఆట అయిపోయినట్టే.

అందుకే ఆరింటిలో నాలుగు ఎంచుకొనే నియమం ఇక్కడ ఆదుకుంటుంది. ఎదుటి జట్టు చూసి, దానికి తగిన పని ఉన్నదనుకున్నప్పుడే ఉడతను దింపాలి. లేనప్పుడు బల్లమీద కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టడం దానిని అవమానించినట్టు కాదు. పని లేనిచోట దింపి దెబ్బలు తినిపించడమే తప్పు.

పార్క్ గెలిచిన తరువాత ఎవరైనా ఆ ఉడతను మాత్రం తీసుకొని, పక్కన గ్యారడోస్ లేకుండా, తమ జట్టులో పెట్టుకున్నారనుకోండి. వారికి దక్కేది మొత్తం 405 బలం గల ఒక చిన్న జీవి మాత్రమే. అతను తీసుకున్న సమాధానాన్ని ఎత్తి రాసుకొని, అతను వేసుకున్న ప్రశ్నను వదిలేసినట్టు అవుతుంది. పరీక్షలో పక్కవాని కాగితం చూసి రాసే విద్యార్థి సంగతీ ఇంతే గదా! పక్కవానికి వచ్చిన ప్రశ్నపత్రం వేరు కావచ్చు.

రెండేళ్ల తరువాత

ఇది ఒక్కసారి జరిగి పోయినది కాదని చెప్పడానికి మరొక్క ఉదాహరణ చాలు. 2016లో ప్రపంచ పోటీ సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. ఆ ఏడాది నియమాలు మారి, ఆటలోని మహా జీవులను జట్టుకు రెండు చొప్పున అనుమతించారు. సముద్రాలను పొంగించేది, ఎండలు కాయించేది, ఆకాశాన్ని ఏలేది, ఇటువంటివన్నీ బరిలో దిగాయి. అంత పెద్దవి నిలబడిన చోట మామూలు జీవులకు పనేమిటి? అయినా గెలిచిన అమెరికా ఆటగాడు వుల్ఫ్ గ్లిక్ జట్టులో క్యోగ్రె, రెక్వాజా అనే మహా జీవుల పక్కన రైచు, హిట్‌మాన్‌టాప్ అనే రెండు సామాన్యులు ఉన్నారు.

రైచు అంటే పికాచు పెద్దదైతే అయ్యే జీవి. దానికి "లైట్నింగ్ రాడ్" అనే గుణం ఉన్నది. ఆ పేరుకు అర్థం పిడుగు కడ్డీయే! ఒక్కరిమీద గురిపెట్టిన విద్యుత్తు దాడిని అది తనవైపు లాగుకుంటుంది, దెబ్బ తినదు. క్యోగ్రె నీటి జాతి. దానికి పిడుగు భయం. ఇక్కడ కూడా మహా బలవంతుని పక్కన అతని భయాన్ని మోయగల చిన్నవానిని నిలబెట్టారు. మనుష్యులు వేరు, ఏడు వేరు, నియమాలు వేరు. వేసుకున్న ప్రశ్న మాత్రం ఒకటే.

దీనినుండి మన ఇంటికి

పాఠకులారా, ఆటలోని జీవులు వేరు, బిడ్డలు వేరు. ఏ బిడ్డనూ ఎవరి పక్కనో దెబ్బలు తినడానికి కనలేదు. ఆ పోలికను అంత దూరం లాగకూడదు. అయినా ఈ ఆటగాడు వేసుకున్న ప్రశ్నల వరుస మాత్రం ఇంటికి తెచ్చుకోదగినది.

మనం సాధారణంగా చేసేది రెండిటిలో ఒకటి. మార్కులు, ఒడ్డు పొడుగు, చురుకుదనం కొలిచి మొత్తం తక్కువ వచ్చినవానిని పక్కకు నెట్టేస్తాం. "వీడు దేనికీ పనికిరాడు" అన్నమాట అన్నం తినే దగ్గర కూడా అనేస్తాం. లేదా జాలిపడి, లేని బలాన్ని ఉన్నట్టు పొగిడి, అన్నయ్య చేసే పనినే వీనితోనూ చేయించాలని ట్యూషన్లమీద ట్యూషన్లు పెట్టిస్తాం. మొదటిది బిడ్డను పారేస్తుంది. రెండవది బిడ్డను గార్చోంప్‌గా మార్చబోయి అలసిపోయేలా చేస్తుంది.

పార్క్ ఈ రెండూ చేయలేదు. ఉడత బలం 45 అని ఒప్పుకున్నాడు. దానిని దాచలేదు. తరువాత దాని చేతిలో ఏమున్నదో ఒక్కొక్కటిగా చూశాడు. తన జట్టులో ఖాళీగా ఉన్న చోటు చూశాడు. ఆ రెంటినీ కలిపాడు. కలిపాక తనకున్న శిక్షణనంతా ఆ ఒక్క పనికే పెట్టాడు. ఇది రైతుకు కొత్త సంగతి కాదు. బండికి పనికిరాని ఎద్దు గానుగకు పనికి రావచ్చని, బలమైన రెండు ఎద్దులు ఒక కాడి కింద ఒకదానినొకటి లాగి పని చెడగొట్టవచ్చని ఆయనకు తెలుసు. ఇంటి పిల్లల విషయంలోనే మనం ఆ తెలివిని గుమ్మం బయట విడిచి వస్తాం.

ఇక ఈ ఆట ఆడే పిల్లలకు ఒక్క మాట. మీకు ఇష్టమైన చిన్న జీవి ఉంటే దానిని తప్పక ఆడండి. అయితే "ఇది నాకిష్టం గనుక గెలవాలి" అని మంకు పట్టకండి. కాగితం, పెన్సిలు తీసుకోండి. దాని లోట్లు ఒక పక్క, దానికి మాత్రమే ఉన్నవి మరో పక్క రాయండి. దానికి ఎవరు తోడు కావాలో, ఎవరికి అది తోడు కావాలో రాయండి. లెక్క కుదిరితే దింపండి. కుదరకపోతే మరో జట్టు కట్టి చూడండి. ఓడిపోతే ఏ వరుసలో ఓడిపోయారో గుర్తు పెట్టుకోండి. అప్పుడు ఆ గంట వృథా పోలేదని అమ్మానాన్నలకు మీరే చెప్పగలరు. గంట దాటితే మాత్రం అమ్మ చెప్పిన మాట వినండి!

ఈ నెల ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకొనడానికి మూడు ప్రశ్నలు ఇస్తున్నాను.

1. మన ఇంట్లో ఎక్కువ పని చేసేవారెవరు? వారికి ఉన్న భయం లేక బరువు ఏమిటి? దానిని పంచుకొనగలవారు మనలో ఎవరు?

2. మన ఇంట్లో "దేనికీ పనికిరాడు" అన్న మాట చివరిసారి ఎవరిని అన్నాం? ఆ బిడ్డ చేతిలో ఉన్నవి ఏమిటో ఒక్కసారి వరుసగా రాసి చూశామా?

3. మనం ఎవరికైనా వారికి తగని పని అప్పగించి, చేయలేదని కోప్పడుతున్నామా?

మూడవ ప్రశ్నకు జవాబు ముందుగా పెద్దవారు చెప్పాలి. పిల్లలు వింటూ ఉండాలి.

వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం. అంతవరకు సెలవు.